తిరుపతిలో ఇంటి నీళ్ళు ఎక్కడ పాడవుతున్నాయో కనిపెట్టడం ఎలా?

మన ఊళ్ళో కుళాయి నీళ్ళు చాలావరకు కండలేరు నుంచి వచ్చే తెలుగుగంగవి, కొంత కల్యాణి డ్యామ్‌వి. శుద్ధిచేసి, క్రిములను చంపే క్లోరిన్ కలిపి వదులుతారు. తర్వాత వీధి పైపు, సంపు, మోటారు, మేడమీది ట్యాంకు దాటి వంటింటికి చేరతాయి. ఆ క్లోరిన్ ఎక్కడిదాకా మిగిలిందో చూసుకుంటూ పోతే గుట్టు బయటపడుతుంది.

ముందు టీడీఎస్ మీటరు పక్కన పెట్టేయండి. అది కరిగిన లవణాలను కొలుస్తుందే తప్ప, క్రిములు దానికి కనబడవు. ఆర్వో ఫిల్టరు అమ్మడానికొచ్చిన ఒకాయన మా ఇంట్లో గ్లాసులో కరెంటు కడ్డీలు ముంచి, నీళ్ళను గోధుమరంగుకి తిప్పి మా అమ్మను హడలగొట్టాడు. ఆ రంగు ఇనప కడ్డీ తుప్పుది!

1. క్లోరిన్ కిట్ కొనండి. స్విమ్మింగ్ పూల్ సామాన్లతో పాటు దొరుకుతుంది. నీళ్ళు వదిలే టైముకి వీధి కుళాయి దగ్గర మొదలుపెట్టండి. కిట్‌లోని ట్యూబును అదే నీటితో రెండుసార్లు కడిగి, గీతదాకా నింపి, కిట్‌లో చెప్పినన్ని మందు చుక్కలు వేయండి. వెనక తెల్ల కాగితం పెట్టి, వెంటనే రంగు పోల్చండి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. చూశాక ఆ నీళ్ళు పారబోయండి, సంపులోకి మాత్రం వద్దు.

2. అదే గంటలో సంపు, ట్యాంకు, వంటింటి కుళాయి నీళ్ళు కూడా చూసి రాసుకోండి. మా ఇంట్లో వీధి కుళాయి దగ్గర 0.5, సంపులో 0.2, ట్యాంకులో సున్నా. పైకెక్కి చూస్తే మూత పక్కకు జరిగి, నీళ్ళమీద పావురం ఈక తేలుతోంది. ఎండకి, నిల్వకి కూడా క్లోరిన్ పోతుంది కాబట్టి సున్నా రాగానే కంగారు పడనక్కర్లేదు. కానీ ఇక ఆ నీళ్ళకు కాపలా లేనట్టే. ట్యాంకు కడిగించి, మూత బిగించండి. వీధి కుళాయిలోనే సున్నా వస్తే వార్డు సచివాలయంలో రాసివ్వండి.

3. బోరు నీళ్ళయితే నేరుగా ల్యాబుకే పంపండి. కందిపప్పు ఎంతకీ ఉడకకపోతే కఠినత్వం ఎక్కువని ఇంట్లోనే తెలుస్తుంది. ఫ్లోరైడ్ అలా కాదు, రుచి ఉండదు. కాస్తే పోదు సరికదా, నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, 1.5 దాటకూడదు. నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటకూడదు.

4. క్రిముల పరీక్షకి ల్యాబువాళ్ళిచ్చే సీసానే వాడండి. దాన్ని కడగొద్దు. అడుగున కనబడే పొడి క్లోరిన్‌ను విరిచేయడానికి పెట్టింది. కుళాయి జల్లెడ తీసి, మూతి తుడిచి, రెండు నిమిషాలు నీళ్ళు వదిలేసి పట్టండి. సీసా మూత లోపల వేలు తగలనివ్వకండి, పైన అంగుళం ఖాళీ వదలండి. ఐస్ పెట్టెలో పెట్టి, వీలైతే 6 గంటల్లోపు చేర్చండి. రిపోర్టులో 100 మిల్లీలీటర్లకు ఇ.కోలి (మలం కలిసిందని చెప్పే క్రిమి) ఒక్కటి కూడా కనబడకూడదు.