భర్త రెండో పెళ్లి చేసుకున్నాడని తెలిస్తే

న్యాయ సేవా వాలంటీరుగా నా దగ్గరికొచ్చే ఆడవాళ్లకు ముందు చెప్పేది ఒకటే: గొడవకు దిగేలోపే కాగితాలు పోగేసుకోండమ్మా. మీ శుభలేఖ, తాళి కడుతున్న ఫొటో, రేషన్ కార్డు, పిల్లల స్కూలు రికార్డులో తండ్రి పేరు.

కష్టమంతా రెండో పెళ్లిని రుజువు చేయడంలోనే ఉంది. వాళ్లిద్దరూ కలిసి ఉంటున్నారంటే చాలదు. హిందువులైతే పెళ్లి తంతు నిజంగా జరిగిందని కోర్టుకు చూపించాలి. గుళ్లో చేసుకుంటే రసీదు, పూజారి పేరు, అక్షింతలు వేసినవాళ్ల పేర్లు రాసుకోండి. ఫొటోలు వాట్సాప్‌లో వస్తే, అవి వచ్చిన ఫోన్ అమ్మేయకండి.

నేరాలకు శిక్షలు చెప్పే చట్టం భారతీయ న్యాయ సంహిత. దాని 82వ సెక్షన్ కింద ఇలా రెండో పెళ్లి చేసుకోవడం నేరం. 7 ఏళ్ల దాకా జైలు. మొదటి పెళ్లి దాచిపెట్టి చేసుకుంటే 10 ఏళ్ల దాకా. మీరు వెళ్లలేకపోతే అమ్మానాన్నలో, అన్నదమ్ములో ఫిర్యాదు చేయొచ్చు. ముస్లిం మగవాళ్ల పెళ్లిళ్లకు చట్టం వేరు.

భరణం కేసు విడిగా వేయండి, దీనికోసం ఆగొద్దు.

ఆ రెండో అమ్మాయి మీద పడకండి. చాలాసార్లు ఆమెనూ మోసం చేసే ఉంటారు. ఆమె పెళ్లి చెల్లదు గానీ, హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఆమె పిల్లలు సక్రమ సంతానమే.

పెళ్లిలో సర్కారు జోక్యమెందుకని కొందరంటారు. ఆ జోక్యం లేకపోతే ఈ ఇద్దరు ఆడవాళ్లకీ దిక్కెవరు?

ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. 15100కి ఫోన్ చేయండి.