ఆసుపత్రి సంచి, మూడో పాఠం: ఏ మూట ముందు, ఏ మూట తర్వాత

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. కాన్పుకు వెళ్లబోయే ఆసుపత్రిని అడిగి, వాళ్లు ఏవేవి ఇస్తారో, ఏవేవి మనమే తెచ్చుకోవాలో రెండు వరుసలుగా రాసుకోమన్నాను. ఆ కాగితం తీసి ఎదురుగా పెట్టుకోండి. ఇంకా అడగకపోతే ముందు ఆ పని ముగించుకుని రండి. కొన్నిచోట్ల గౌను, ప్యాడ్లు, బిడ్డకు డైపర్లు అన్నీ వాళ్లే ఇస్తారు. కొన్నిచోట్ల దూది కూడా మనమే పట్టుకెళ్లాలి. ఇది తెలుసుకోకుండా సర్దితే ఉన్నవే రెండేసి ఉంటాయి, కావలసినది ఒక్కటీ ఉండదు.

గడువు సంగతి కూడా తేల్చుకుందాం. 36వ వారం మొదలయ్యేసరికి సంచి సర్దడం పూర్తి కావాలి. 37 వారాలు నిండకముందే పుట్టే బిడ్డలు ప్రపంచం మొత్తమ్మీద పదిమందిలో ఒకరు దాకా ఉంటారు కాబట్టి, ‘ఇంకా టైముంది కదా’ అని వాయిదా వేయకండి. కడుపులో కవలలుంటే, బీపీ ఉంటే, కాన్పు ముందే రావచ్చని డాక్టరు చెప్పి ఉంటే 32వ వారానికే సర్దేయండి.

ఇక ఈ పాఠంలో నేర్చుకోవలసినది. సంచి సర్దేది మీరు, కానీ ఆసుపత్రిలో దాన్ని తెరిచేది మీరు కాదు. ఆ సమయానికి మీరు నొప్పులతో ఉంటారు, లేదా ఆపరేషన్ టేబుల్ మీద ఉంటారు, లేదా బిడ్డను గుండెల మీద పెట్టుకుని కదలలేకుండా ఉంటారు. సంచిలో చెయ్యి పెట్టి వెతికేది మీ భర్తో, అమ్మో, అక్కో. పైగా వాళ్లూ కంగారులోనే ఉంటారు. అందుకే బట్టలన్నీ ఒకచోట, మందులన్నీ ఒకచోట, సబ్బులూ బ్రష్షులూ ఒకచోట అని ప్రయాణానికి సర్దినట్టు సర్దకూడదు. ఎప్పుడు కావాలో ఆ వరుసలో సర్దాలి. పెద్ద సంచి లోపల నాలుగు చిన్న మూటలు: నొప్పుల వేళకు ఒకటి, బిడ్డ పుట్టిన తొలి గంటకు ఒకటి, వార్డులో గడిపే రోజులకు ఒకటి, ఇంటికి వచ్చే రోజుకు ఒకటి. లోపల ఏముందో కనిపించే ప్లాస్టిక్ కవర్లయితే మరీ మంచిది. ఒక్కోదాని మీద పెద్ద అక్షరాలతో అంకె వేయండి. నాలుగోది అట్టడుగున, ఒకటోది అన్నిటికన్నా పైన.

ఒకటో మూట చాలా చిన్నది. ముందువైపు గుండీలున్న నైటీ, జారని సాక్సులు, జుట్టుకు రబ్బరు బ్యాండ్లు, పెదాలకు రాసుకునే బామ్, నీళ్ల సీసా, పొడవాటి వైరున్న ఫోన్ ఛార్జర్. గంటల తరబడి నోటితో ఊపిరి వదులుతుంటే పెదాలు పగిలిపోతాయి, ఆ బామ్ విలువ అప్పుడు తెలుస్తుంది. మంచం నుంచి గోడ ప్లగ్గు ఎంత దూరంలో ఉంటుందో ముందే చెప్పలేం, పొడవాటి వైరు అందుకే. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు కళ్లజోడు తప్పక పెట్టుకోవాలి.

ఈ మూటలో ఆలోచించి ఎంచుకోవలసినది నైటీ ఒక్కటే. ఆసుపత్రి గౌను ఇస్తే సరే. ఇవ్వకపోతే ఇలా చూసుకోండి. ముంజేతికో, చేతి వెనుకో సూది గుచ్చి సెలైన్ పెడతారు. ఆ గొట్టం ఉండగా బిగుతు చేతుల నైటీ తీయడం, తొడగడం రెండూ అయ్యే పని కాదు. రెండో చేతికి బీపీ పట్టీ చుడతారు. పొట్ట మీద బిడ్డ గుండె చప్పుడు వినే బెల్టు కడతారు. పుట్టగానే బిడ్డను మీ ఒంటికి ఆనేలా పడుకోబెడతారు. కాబట్టి చేతులు వదులుగా ఉండి మోచేయి పైకి మడవగలిగేది, గుండీలు నడుము దాకా విప్పగలిగేది, మరకపడ్డా మనసు చివుక్కుమననిది కావాలి. కొత్తది కొననక్కర్లేదు. ఇంట్లో ఉన్న పాత వాటిలో ఒకటి తొడుక్కుని, ఒక చెయ్యి కదపకుండా రెండో చేత్తోనే గుండీలు విప్పి చూడండి. వచ్చిందా, అది మూటలోకి. రాలేదా, ఇంకొకటి చూడండి.

రెండో మూట మీద నేను ఎక్కువ పట్టుబడతాను, ఎందుకంటే దాన్ని అడిగేది నర్సు, అదీ తొందరలో. బిడ్డ పుట్టీ పుట్టగానే ‘బిడ్డ బట్టలివ్వండి’ అంటే బయట ఉన్నవాళ్లు సంచి మొత్తం నేల మీద పరచకూడదు, రెండో కవరు తీసి చేతిలో పెట్టాలి. ఇందులో బిడ్డకు మెత్తని టోపీ, ఒక చొక్కా, డైపరు, చుట్టడానికి రెండు మెత్తటి నూలు గుడ్డలు. తల్లికి పెద్ద ప్యాడ్లు రెండు, నడుము దాకా వచ్చే వదులు డ్రాయరు ఒకటి. అంతే. అప్పుడే పుట్టిన బిడ్డ ఒళ్లు తడిగా ఉంటుంది, ఒంటి వేడి తొందరగా పోతుంది. తల పెద్దది కాబట్టి అక్కడినుంచి కూడా చాలా పోతుంది, టోపీ మరిచిపోవద్దు. మొదటి 24 గంటలూ స్నానం చేయించకుండా ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా ఈ చలి భయంతోనే. అందుచేత బిడ్డ సబ్బు, నూనె, పౌడరు ఈ సంచిలోకి రానక్కర్లేదు.

బిడ్డ బట్టలన్నీ ముందే ఉతికి, మెడ దగ్గర లేబుళ్లు కత్తిరించి పెట్టండి. చేతి తొడుగులు, సాక్సులు పెడుతుంటే మాత్రం ఒక్కొక్కటీ లోపలివైపు బయటికి తిప్పి వెలుతురులో చూడండి. వేలాడే దారం ఉంటే అది బిడ్డ వేలికి చుట్టుకుని బిగుస్తుంది, రక్తం ఆడక వేలు వాస్తుంది. బిడ్డ ఏడుస్తుంది కానీ ఎందుకో ఎవరికీ తెలియదు. దారాన్ని లాగకండి, మొదలంటా కత్తెరతో కత్తిరించండి.

మూడో మూటే అన్నిటికన్నా పెద్దది. మామూలు కాన్పయితే ఒకటి రెండు రోజులు, ఆపరేషనైతే సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజులు ఉండాల్సి రావచ్చు. ఏది జరిగినా సరిపోయేలా ఆపరేషన్ లెక్కకే సర్దుకోండి. డ్రాయర్లు అయిదారు, అన్నీ నడుము పైదాకా వచ్చేవే. మామూలు వాటి ఎలాస్టిక్ సరిగ్గా కుట్ల మీదే కూర్చుంటుంది. ప్యాడ్ల విషయంలో పొదుపు వద్దు. కాన్పు ఎలా జరిగినా ఆ తర్వాతి రక్తస్రావం నాలుగు నుంచి ఆరు వారాలు ఉంటుంది, మొదటి రోజుల్లో బాగా ఎక్కువ. నెలసరికి వాడే పలచటివి ఆగవు, కాన్పు ప్యాడ్లే తీసుకోండి, రెండు ప్యాకెట్లు. లోపలికి పెట్టుకునే టాంపన్లు, కప్పులు ఈ వారాల్లో వాడకూడదు. తోడు ఉండేవాళ్లకు ఈ మాట తప్పక చెప్పి ఉంచండి: గంటలోపే ప్యాడు పూర్తిగా తడిసిపోతే వెంటనే నర్సును పిలవాలి, ఇంకో ప్యాడు మార్చి చూద్దాం అని ఆగకూడదు.

నొక్కితే నీళ్లు పడే మెత్తటి ప్లాస్టిక్ సీసా ఒకటి పెట్టుకోండి. కింద కుట్లు పడితే మూత్రం తగిలినప్పుడల్లా మంట పుడుతుంది. మూత్రం పోస్తూ ఉండగానే గోరువెచ్చని నీళ్లు ముందునుంచి ధారగా పోసుకుంటే ఆ మంట బాగా తగ్గుతుంది. చాలామందికి దీని గురించి ఎవరూ చెప్పరు.

బిడ్డకు రోజుకు పది పన్నెండు డైపర్ల లెక్క వేసుకోండి. మొదట్లో వచ్చే మలం నల్లగా, ఆకుపచ్చగా, జిగురుగా అంటుకుంటుంది. అది మామూలే. దాన్ని తుడవడానికి సువాసన ఉన్న వెట్ వైప్స్ కంటే నీళ్లలో తడిపిన దూది మేలు. పాలు కారితే పీల్చుకునేలా బ్రాలో పెట్టుకునే ప్యాడ్లు కొన్నే చాలు. మొదట వచ్చేది కొద్దిపాటి ముర్రుపాలే, పాలు నిండుగా దిగేది సాధారణంగా మూడో రోజుకు. పాలిచ్చే బ్రాలు రెండు. పళ్లపొడో పేస్టో, బ్రష్షు, తువ్వాలు, చెప్పులు ఇవన్నీ మీకు తెలిసినవే.

నాలుగో మూటలో మీకు వదులైన బట్టలు. పొట్ట ఒక్కరోజులో లోపలికి పోదు, ఆరో నెలలో పట్టినవే సరిపోతాయి. బిడ్డకు ఒక జత. కారులో బిడ్డల సీటులో పట్టీలు బిగించి తీసుకొచ్చేట్టయితే ఆ పట్టీల కింద లావుపాటి కోటు వేయకండి, పట్టీలు వదులైపోతాయి. పట్టీ బిగించాక పైన దుప్పటి కప్పండి.

రెండో పాఠంలో తయారుచేసిన కాగితాల కవరు ఏ మూటలోనూ పెట్టకండి. అది సంచి బయటి జేబులో ఉండాలి. స్కానింగులు, రక్త పరీక్షలు, పడని మందుల జాబితా, వాడుతున్న మందుల జాబితా అందులో ఉంటాయి. మీది నెగెటివ్ బ్లడ్ గ్రూపయితే ఆ రిపోర్టు అన్నిటికన్నా పైన పెట్టండి. బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు మీకు యాంటీ-డి (తర్వాతి కాన్పుల్లో బిడ్డకు ఇబ్బంది రాకుండా ఇచ్చేది) ఇంజెక్షన్ ఇవ్వాల్సి ఉంటుంది, ఆ సంగతి ఎవరూ వెతుక్కోనక్కర్లేకుండా కంటపడాలి.

ఇంట్లో వదిలేయాల్సినవి: నగలు, ఉంగరాలు, గోళ్ల రంగు. నెలలు నిండేసరికి వేళ్లు ఉబ్బి ఉంగరం ఇరుక్కుంటుంది. గోళ్ల రంగు ఉంటే వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు సరిగ్గా చూపించకపోవచ్చు.

ఈ వారం అభ్యాసం. సంచి సర్దాక, ఆసుపత్రికి మీతో వచ్చేవాళ్లను పిలిచి మీరు మంచం మీద పడుకోండి. ‘నైటీ కావాలి’, ‘బిడ్డ టోపీ కావాలి’, ‘బ్లడ్ గ్రూప్ రిపోర్టు కావాలి’ అని ఒక్కొక్కటే అడగండి. ఎక్కడుందో చెప్పకండి, చేత్తో చూపించకండి. వాళ్లు తడుముకున్నది ఏదైనా ఉంటే తప్పు వాళ్లది కాదు, ఆ వస్తువు ఉన్న చోటిది. చోటు మార్చి మరోసారి అడగండి. ఇద్దరు వచ్చే అవకాశముంటే ఇద్దరితోనూ వేరువేరుగా చేయించండి.

వచ్చే పాఠం: నొప్పులు మొదలయ్యాక, లేదా ఉమ్మనీరు పోయాక సంచి తీసుకుని ఎప్పుడు బయలుదేరాలి, బయలుదేరేముందు ఏమేం రాసుకోవాలి. దానికోసం ఒక చిన్న నోటుపుస్తకం, పెన్ను ఇప్పుడే బయటి జేబులో పెట్టేయండి.