ఫొటోలో మేఫ్లై: రంగు ఆఖర్న, తోకలు ముందు

వీధిలైటు కింద ఫొటో తీసి "బావా, ఇది ఏ మేఫ్లై? ఏ ఫ్లై కట్టాలి?" అని వాట్సాప్‌లో అడుగుతుంటాడు మా బావమరిది. మేఫ్లై అంటే నీళ్లలో పుట్టి పెరిగే సన్నటి రెక్కల పురుగు. ఫ్లై అంటే అలాంటి పురుగులా కనిపించేలా గాలానికి ఈకలు, దారం చుట్టి కట్టే ఎర. గోదావరి కాలవ మీది లొల్ల లాకుల దగ్గర పరిగెలకి ఫ్లై వేయడం వాడి సరదా. ఎప్పుడూ ముందు రంగు చెబుతాడు. సోడియం లైటు కింద ఏ పురుగైనా పసుపే కదరా!

పురుగుని పిల్లల గ్రాఫ్ పేపరు మీద పెట్టి తీయండి. చిన్న గడి ఒక మిల్లీమీటరు కాబట్టి కొలత ఫొటోలోనే ఉంటుంది. తల నుంచి పొట్ట చివరిదాకా లెక్క, తోకలు కలపకూడదు. పక్క నుంచి ఒకటి, పైనుంచి ఒకటి తీస్తే చాలు. ఫ్లాష్ వద్దు, రెక్కలు తెల్లగా పేలిపోతాయి.

వాలినప్పుడు రెక్కలు వీపు మీద నిటారుగా నిలబెట్టి, మీసాలు పొట్టిగా, వెనక సన్నటి పొడుగు తోకలు ఉంటే అది మేఫ్లైయే. రెక్కలు రెండు పక్కలకీ వాలుగా పడి, మీసాలు పొడుగ్గా ఉండి, తోకలే లేకపోతే కాడిస్ అనే వేరే నీటి పురుగు.

ఇప్పుడు తోకలు లెక్కపెట్టండి. చివర్లు తేలిగ్గా విరుగుతాయి, అందుకని మొదళ్లు చూడాలి. తర్వాత వెనక రెక్క ఉందా లేదా చూడండి. మూడు తోకలు, వెనక రెక్క లేదు, ఒళ్లు 3 నుంచి 5 మి.మీ. అయితే కేనిస్ అనే రకం మేఫ్లై. రెండు తోకలు, వెనక రెక్క లేదు అంటే క్లోయాన్ అనే రకం అయ్యే అవకాశం ఎక్కువ. రెండు తోకలతో పాటు చాలా చిన్న వెనక రెక్క కూడా ఉంటే బేటిస్ అనే మరో రకానికి దగ్గరి చుట్టం. క్లోయాన్, బేటిస్‌ల కుటుంబంలో మగదాని కళ్లు తల పైన పుట్టగొడుగుల్లా లేస్తాయి, ఫొటోలో ఇట్టే తెలుస్తుంది. జాతి పేరు దాకా వెళ్లాలంటే మైక్రోస్కోపు కావాలి. ఫ్లై కట్టడానికి అంత అక్కర్లేదు.

అంతకంటే పనికొచ్చేది రెక్క మెరుపు. రెక్కలొచ్చాక కూడా మరోసారి కుబుసం విడిచేది పురుగుల్లో మేఫ్లై ఒక్కటే. మసకగా ఉన్న రెక్క అంటే ఇంకా విడవలేదు, దీన్ని డన్ అంటారు. నిలువు రెక్కల ఫ్లై కట్టండి. గాజులా మెరిస్తే స్పిన్నర్. గుడ్లు పెట్టాక రెక్కలు చాచుకుని నీళ్ల మీద పడిపోతుంది కాబట్టి, ఫ్లైకీ రెక్కలు అడ్డంగా పరచాలి. కేనిస్‌కి 20 నంబరు గాలం, క్లోయాన్‌కి 16 లేక 18. నంబరు పెరిగితే గాలం చిన్నదవుతుంది, కొనేటప్పుడు గుర్తుపెట్టుకోండి.

నీళ్లలో దొరికిన, ఇంకా రెక్కలు రాని పిల్ల పురుగైతే తెల్ల సాసరులో నీళ్లు పోసి అందులో తీయండి. పొట్ట పక్కల మొప్పలు విచ్చుకుంటాయి. వాటిలో ఒక జత చతురస్రపు మూతలా మిగతావాటిని కప్పేస్తే కేనిస్. చివర మూడు ఆకుల్లాంటివి ఉంటే మాత్రం అది సన్న తూనీగ పిల్ల, మేఫ్లై కాదు. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు క్లోయాన్ పిల్లల్ని చెరువుల్లో, నీళ్లు నిలిచిన బోదెల్లో వెతకండి. పారే నీళ్లకంటే వాటికి అవే ఇష్టం.