కారు అమ్మేసి హైదరాబాద్‌లో నెట్టుకురావడం ఎలా?

కారు అమ్మేశామని చెప్పగానే మా పెద్దమ్మ గొంతు తగ్గించి, "ఏం నాన్నా, ఏమన్నా ఇబ్బందా?" అని అడిగింది. ఆమె లెక్కలో ఇబ్బంది అంటే అప్పులు. అప్పులేం లేవు పెద్దమ్మా, వారంలో ఐదు రోజులు పార్కింగ్‌లో దుమ్ము కొట్టుకుపోతోంది, అందుకే అన్నాను. నమ్మలేదు. ఇప్పటికీ నమ్మిందని నేననుకోను. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, బస్సులూ మెట్రోలూ నెల రోజుల్లో అలవాటైపోతాయి గానీ ఇలాంటి ప్రశ్నలకు మొహమాటపడకుండా జవాబు చెప్పడం మాత్రం నాకు ఏడాది పట్టింది.

ఇంకో మాట కూడా ముందే. ఇది అందరికీ కుదిరే పని కాదు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్లాల్సిన మనిషి ఇంట్లో ఉంటే, మీవి నైట్ షిఫ్టులైతే, గంటకో బస్సు కూడా రాని శివారులో ఇల్లు కట్టుకుని ఉంటే, కారు ఉంచుకోండి. మాది హబ్సిగూడ, నా ఆఫీసు హైటెక్ సిటీలో. రెండూ మెట్రో బ్లూ లైన్ మీదే, రైలు మారే పని కూడా లేదు. అది లేకపోతే నేను ఈ పనికి దిగేవాణ్ణి కాదేమో.

1. ఒక నెల పాటు రాయండి

అమ్మకం సంగతి తర్వాత. ముందు ఒక చిన్న నోట్‌బుక్ కారులో పడేసి, కారు తీసిన ప్రతిసారీ ఎక్కడికి, ఎందుకు, ఎంతమంది అని ఒక్క లైను రాయండి. మాకు నెలలో 31 సార్లు తేలింది. అందులో 12 సార్లు కిలోమీటరున్నర లోపే: పాప ట్యూషను, ఇస్త్రీ బట్టలు, మందుల షాపు. ఒక రోజు నా చేతిరాతతోనే "పెరుగు ప్యాకెట్" అని ఉంది, అంతకు మించి ఏమీ లేదు. ఆ ప్యాకెట్ కోసం స్ట్రీట్ నంబరు 8 చివర యూటర్న్ కొట్టి, డబుల్ పార్కింగ్ చేసి, వెనకవాడితో హారన్ కొట్టించుకుని వచ్చానన్నమాట. వేరే దారే లేదు అనుకున్న ప్రయాణాలు నాలుగంటే నాలుగు. అమ్మను మోకాళ్ల డాక్టరు దగ్గరికి రెండుసార్లు, శంషాబాద్ అవతల ఒక పెళ్లికి ఒకసారి, అర్ధరాత్రి పాపకి జ్వరమొస్తే ఒకసారి.

కారు అంటే ఒక్క పని కాదు, పది పన్నెండు పనుల మూట. మూట మొత్తానికి ఒకే ప్రత్యామ్నాయం వెతికితే దొరకదు. విప్పి ఒక్కోదానికి ఒక్కో దారి చూసుకోవాలి.

2. డబ్బు లెక్క వేయండి, కానీ పూర్తిగా

పెట్రోలు ఒక్కటే లెక్కేసి "క్యాబ్‌కి అంతకన్నా ఎక్కువ అవుతుంది" అనేవాళ్లే ఎక్కువ. మా లెక్క ఇదీ: ఏడాదికి పెట్రోలు 72 వేలు, ఇన్సూరెన్స్ 16 వేలు, సర్వీసింగ్ 14 వేలు, పొద్దున్నే కడిగే అబ్బాయికి 7,200. ఎనిమిదిన్నర లక్షలకు కొన్నది ఏడేళ్ల తర్వాత మూడు లక్షల అరవై వేలకు పోయింది కాబట్టి, ఏడాదికి 70 వేలు అది నిలబడ్డ చోటే కరిగిపోయింది. మొత్తం కలిపితే నెలకు దాదాపు 15 వేలు. ఇప్పుడు మెట్రో, ఆటో, క్యాబ్, అద్దె కారు అన్నీ కలిపి ఏడు వేలు దాటిన నెలలు తక్కువ. ఈఎంఐ కూడా నడుస్తుంటే మీ లెక్క ఇంకా గట్టిగా ఉంటుంది.

3. తాళం బీరువాలో పెట్టండి

అమ్మకుండానే రెండు నెలలు కారు లేనట్టు బతికి చూడండి. తాళం బీరువా లాకరులో పెట్టి, లాకరు తాళం ఇంట్లో మీ మాట వినని మనిషికి ఇవ్వండి (మా ఇంట్లో మా ఆవిడ). వారానికోసారి స్టార్ట్ చేసి ఒక రౌండు తిప్పి పెట్టండి, లేకపోతే అమ్మే రోజుకి బ్యాటరీ చచ్చి ఊరుకుంటుంది. ఈ రెండు నెలల్లో ఒకటి వానాకాలంలో పడేలా చూసుకోండి. జనవరిలో హైదరాబాద్‌లో ఎవరైనా నడుస్తారు, జులైలో స్టేషన్ మెట్ల కింద మోకాలి లోతు నీళ్లు నిలిచినప్పుడు కదా అసలు సంగతి తెలిసేది.

4. రోజువారీ దారి కుదుర్చుకోండి

హైదరాబాద్ మెట్రో 2017 నవంబరులో మొదలైంది. మియాపూర్–ఎల్బీ నగర్, నాగోల్–రాయదుర్గం, జేబీఎస్–ఎంజీబీఎస్, ఈ మూడు లైన్ల మీద ఇల్లూ ఆఫీసూ ఎక్కడున్నాయో చూసుకోండి. రైలుకు ఉన్నవి మూడు పెట్టెలు. తొమ్మిదిన్నరకి అమీర్‌పేటలో జనం ఎక్కే తీరు చూస్తే మళ్లీ కారు గుర్తొస్తుంది, నేను ఒప్పుకుంటాను. నేను ఎనిమిదింటి లోపు ఎక్కేస్తాను, ముప్పావు గంటకు అటూ ఇటూగా దిగిపోతాను, కూర్చునే చోటు దొరికిన రోజు ఒక కునుకు కూడా. టికెట్ కోసం క్యూలో నిలబడకండి, కార్డు తీసుకోండి, లేదా వాట్సాప్‌లోనే క్యూఆర్ టికెట్ వస్తుంది.

మీ ఇంటి ఆడవాళ్లకు సిటీ బస్సు ఉచితం. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. డీలక్స్, ఏసీ బస్సులకు మాత్రం డబ్బు కట్టాల్సిందే. ఆంధ్రలో ఉన్నవాళ్లకు స్త్రీశక్తి పేరుతో 2025 ఆగస్టు 15 నుంచి ఇలాంటిదే వచ్చింది. రద్దీ పెరిగిందన్నది నిజమే. మా ఆవిడ మాత్రం తార్నాక, సికింద్రాబాద్ పనులన్నీ బస్సులోనే కానిచ్చి, ఆ డబ్బుతో చీటీ కడుతోంది.

అసలు తలనొప్పి స్టేషన్ నుంచి ఇంటిదాకా ఉండే ఆ పది నిమిషాలే. ఫుట్‌పాత్ మీద బండ్లు, మిర్చి బజ్జీ బండి, ట్రాన్స్‌ఫార్మరు, మూత లేని మ్యాన్‌హోల్, వీటి మధ్య నడక. మెయిన్ రోడ్డు వదిలేసి లోపలి వీధుల్లోంచి రెండు మూడు దారులు వెతకండి, రాత్రిపూట కుక్కలు ఏ మలుపులో ఉంటాయో కూడా గమనించి పెట్టుకోండి. ఆఫీసు బూట్లు ఆఫీసులోనే వదిలి, దారికి తడిసినా పోయేదేం లేని చెప్పులు వేసుకోండి. ఈ ఒక్క చిట్కా నాకు ఎవరూ చెప్పలేదు, రెండు జతలు పాడయ్యాక తెలిసింది.

స్కూటర్ ఉంచుకోవచ్చా అని అడుగుతారు. ఉంచుకోండి. కారు మానేశామంటే సన్యాసం పుచ్చుకున్నామని కాదు కదా.

5. ఒక ఆటో అన్నను కుదుర్చుకోండి

యాప్‌లు ఉన్నాయి, నిజమే, కానీ వాన పడగానే రేటు రెట్టింపవుతుంది, లేదా "డ్రాప్ ఎక్కడ సార్" అని అడిగి క్యాన్సిల్ కొడతారు. మా వీధి చివర స్టాండులో ఉండే ఒక ఆటో అన్న నంబరు మా ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉంది. యాప్ 140 చూపిస్తే ఆయన 170 అడుగుతాడు, నేను బేరమాడను. తెల్లవారుజామున రైలుకి ముందు రోజు చెప్తే ఐదింటికి గేటు దగ్గర ఉంటాడు, అమ్మ మెల్లగా కాలు లోపల పెట్టేదాకా హ్యాండిల్ పట్టుకుని కదలకుండా ఆగుతాడు. ఆ ముప్పై రూపాయలు అందుకే.

అర్ధరాత్రి సంగతి విడిగా చూసుకోవాలి. 108 ఉంది. దానితో పాటు దగ్గరి ఆసుపత్రి అంబులెన్స్ నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. పక్క ఫ్లాట్ వాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోండి. అడగడానికి నాకు చచ్చేంత సిగ్గేసింది, ఆయనేమో "దానిదేముంది, తాళం ఎక్కడ ఉంటుందో చూపిస్తా రండి" అన్నాడు. రెండేళ్లలో ఒక్కసారి అవసరం పడింది.

6. సరుకులు, ఊళ్లు, పెళ్లిళ్లు

సరుకులకు పెద్దగా చెప్పేదేం లేదు. బియ్యం బస్తా కిరాణా అబ్బాయి తెచ్చి దింపుతాడు, కూరగాయలకు చక్రాల సంచి ఒకటి కొనుక్కోండి, పెద్ద సామాను ఉంటే ట్రాలీ ఆటో.

ఊరికి మాత్రం ప్లానింగ్ కావాలి. మాది ఖమ్మం దగ్గర. సంక్రాంతికి పంతంగి టోల్‌గేట్ దగ్గర గంటల తరబడి ఫస్ట్ గేరులో పాకిన వాళ్లెవరూ నన్ను చూసి జాలిపడక్కర్లేదు. రైల్వే రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి జనవరి 12 టికెట్ కావాలంటే నవంబరు 13 పొద్దున్న 8 గంటలకు ఫోన్ పట్టుకుని కూర్చోండి. ఆ రోజు తప్పిందా, ఇక తత్కాలే దిక్కు.

ఊరి చివర కన్వెన్షన్ హాల్లో రాత్రి ముహూర్తమైతే, నాలుగు కుటుంబాలు కలిసి డ్రైవరుతో సహా పెద్ద బండి మాట్లాడుకోండి. అర్ధరాత్రి పట్టుచీరతో క్యాబ్ కోసం రోడ్డు మీద నిలబెట్టారంటే మీ ఇంట్లో ఈ ప్రయోగం ఆ రోజుతో సరి.

7. అమ్మేటప్పుడు తొందరపడకండి

డబ్బు చేతికొచ్చిందని పని అయిపోయినట్టు కాదు. మాది కొన్న మనిషి "వారంలో పేరు మార్చుకుంటా సార్" అన్నాడు. రెండు నెలల తర్వాత నా ఫోనుకి చలానా వచ్చింది, నేనెప్పుడూ వెళ్లని సిగ్నల్ దగ్గర. ఆర్సీ మీద పేరు మారనంత కాలం ప్రమాదం జరిగినా చట్టం దృష్టిలో ఓనరు మీరే. అందుకని పేరు మార్పిడికి పనికొచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు చేసి ఇచ్చేసి ఊరుకోకుండా, కొన్నవాళ్లతో పాటు మీరూ ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లండి. లోను తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉండొచ్చు, బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం), ఫారం 35తో ముందే తీయించండి. కారు అప్పగించిన తేదీ, టైము రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, కొన్నవాళ్ల ఆధార్ కాపీతో దాచుకోండి. ఫాస్టాగ్ మూసేయండి, లేదంటే వాళ్ల టోలు మీ ఖాతాలోంచి కట్ అవుతుంది. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర నో క్లెయిమ్ బోనస్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, అది మూడేళ్లు చెల్లుతుంది, ఈలోగా మనసు మారి మళ్లీ కొంటే ప్రీమియంలో తగ్గింపు వస్తుంది.

చివరగా మీ డ్రైవింగ్ లైసెన్సు. ఎప్పుడైనా సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకోవాలంటే అది ఉండాలి. కారే లేదు కదా అని గడువు సంగతి మర్చిపోయి ఏడాది దాటనిచ్చారో, ఆర్టీఏ ట్రాక్ మీద కుర్రాళ్ల వెనక వరసలో నిలబడి మళ్లీ టెస్టు ఇవ్వాలి.