డబ్బు కట్టకముందే జత చూసుకోండి: గేమింగ్, ఎడిటింగ్ పీసీ పార్టులు ఎంచుకునేటప్పుడు జాగ్రత్తలు

సొంతంగా పీసీ కూర్చుకునేవాళ్లు నష్టపోయేది నాసిరకం పార్టులు కొని కాదు. విడివిడిగా చూస్తే అన్నీ మంచివే, ఒకదానితో ఒకటి పొసగవు, అంతే. ప్రాసెసర్ మదర్‌బోర్డులో కూర్చోదు, గ్రాఫిక్స్ కార్డు క్యాబినెట్‌లో పట్టదు, కూలర్ ర్యామ్‌కి తగులుతుంది. సీలు విప్పిన ప్రాసెసర్‌ని వెనక్కి తీసుకోమంటే చాలామంది అమ్మకందారులు ఒప్పుకోరు. అందుకే ఆర్డరు పెట్టేముందు ఒక కాగితం మీద ప్రతి పార్టు పేరూ పూర్తి మోడల్ నంబరుతో రాసుకోండి. చివర ఉండే ఒకటి రెండు అక్షరాలు కూడా వదలకండి, తేడాలన్నీ అక్కడే ఉంటాయి.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది, మీ కెమెరా ఏ ఫార్మాట్‌లో రికార్డు చేస్తుందో. గేములకి కొత్త ప్రాసెసర్లలో దాదాపు ఏదైనా సరిపోతుంది. ఎడిటింగ్ అలా కాదు. ఈమధ్య చాలా మిర్రర్‌లెస్ కెమెరాలు 10 బిట్ 4:2:2 హెచ్ఈవీసీ అనే, రంగుల వివరాలు ఎక్కువగా ఉండే కుదించిన వీడియో ఫార్మాట్‌లో రికార్డు చేస్తున్నాయి. ఆ ఫైలు టైమ్‌లైన్ మీద తడబడకుండా ఆడాలంటే దాన్ని డీకోడ్ చేసే, అంటే విప్పి చూపించే హార్డ్‌వేర్ మెషిన్‌లో ఉండాలి. ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌కి ఆ పని వచ్చు. ఎన్‌విడియా కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. 40 సిరీస్‌లో ఎంత ఖరీదైన కార్డు పెట్టినా ఈ పని చేయదు. ఇంకో సంగతి, ఇంటెల్ మోడల్ నంబరు చివర ‘ఎఫ్’ ఉంటే లోపలి గ్రాఫిక్స్ ఉండవు. కాస్త చవకగా వస్తోందని ఎఫ్ తీసుకుంటే గేములాడేవాళ్లకి పోయేదేమీ లేదు, ఇలాంటి ఫుటేజీతో పనిచేసేవాళ్లకి మాత్రం, ఆ పని వచ్చిన కార్డు కూడా లేకపోతే, రోజూ ఇబ్బందే.

సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు, చూసుకోవడం తేలిక. ఏఎండీ కంపెనీ రైజెన్ 5000కి ఏఎం4 బోర్డు, డీడీఆర్4 ర్యామ్. రైజెన్ 7000, 9000లకి ఏఎం5, డీడీఆర్5. ఇంటెల్ 12, 13, 14 తరాలకి ఎల్‌జీఏ 1700, కోర్ అల్ట్రా 200ఎస్‌కి ఎల్‌జీఏ 1851. ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో కొన్ని డీడీఆర్4కి, కొన్ని డీడీఆర్5కి చేసినవి. దాదాపు ఒకే పేరుతో రెండు రకాలూ దొరుకుతాయి, స్పెసిఫికేషన్ పేజీ తెరిచి చూడండి.

సాకెట్ కలిసినా బయోస్ (మెషిన్‌ని మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) పాతదైతే మెషిన్ లేవదు. ఏఎం5 సాకెట్ ఉన్న బీ650 బోర్డులు 2022లో వచ్చాయి, రైజెన్ 9000 ప్రాసెసర్లు 2024లో. అంతకుముందు తయారై పెట్టెలో ఉండిపోయిన బోర్డు కొత్త ప్రాసెసర్‌ని గుర్తుపట్టదు. కాబట్టి ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చుకునే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు తీసుకోవడం మేలు. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు తీసుకునేవాళ్లకి బయోస్ అప్‌డేట్ మరీ ముఖ్యం. అవి అవసరానికి మించిన వోల్టేజీ తీసుకుని క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో బయటపడింది, దాన్ని ఆపే సవరణలు బయోస్ ద్వారానే వచ్చాయి. సెకండ్ హ్యాండ్‌లో అయితే వాటిని నేను కొనను, మిమ్మల్నీ కొనమనను.

ర్యామ్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. డీడీఆర్4, డీడీఆర్5 స్టిక్కులు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకేలా ఉంటాయి, రెండిటికీ 288 పిన్నులే. కింద ఉన్న గాటు మాత్రం కొద్దిగా పక్కకి ఉంటుంది. ‘గట్టిగా నొక్కితే పోతుందిలే’ అని నొక్కితే విరిగేది స్లాటే. ఎడిటింగ్‌కి 64 జీబీ కావాలనుకుంటే 16వి నాలుగు కాకుండా 32వి రెండు తీసుకోండి. రైజెన్ 9000కి ఏఎండీ హామీ ఇచ్చే వేగం రెండు స్టిక్కులతో 5600, నాలుగు పెడితే 3600కి పడిపోతుంది. ఇప్పుడొక జత, ఆర్నెల్ల తర్వాత ఇంకో జత అనే ఆలోచనా వద్దు. ఒకే మోడలైనా లోపలి చిప్పులు వేరే కావచ్చు, అప్పుడు మెషిన్ ఎందుకు ఆగిపోతోందో అంతుపట్టదు.

కొలతలు చూసుకోనివాళ్లు చాలామంది. కార్డు పొడవు 336 మి.మీ. అనుకోండి. క్యాబినెట్ పేజీలో 380 మి.మీ. వరకు పడుతుందని ఉంది. ముందు వైపు లిక్విడ్ కూలర్‌కి చెందిన 27 మి.మీ. మందమున్న రేడియేటరు, దానికి 25 మి.మీ. ఫ్యాన్లు బిగిస్తే 52 పోయి 328 మిగులుతుంది. 8 మి.మీ. చాలక పని ఆగిపోతుంది. రేడియేటరు పైకి మారుద్దామంటే అక్కడ బోర్డు హీట్‌సింకులు, పొడవాటి ర్యామ్ అడ్డం రావచ్చు. కార్డు మందం ఎన్ని స్లాట్లు ఆక్రమిస్తుందో, టవర్ కూలర్ ఎత్తు క్యాబినెట్ పక్క తలుపుకి తగులుతుందో లేదో కూడా కాగితం మీద లెక్క వేసుకోండి. పెద్ద కూలర్లు 165 మి.మీ., కొన్ని అంతకంటే ఎక్కువ ఎత్తు కూడా ఉంటాయి. పాత కూలర్ వాడదామంటే కొత్త సాకెట్‌కి బిగించే క్లిప్పులు దొరుకుతాయో లేదో చూసుకోండి.

ఇక ఎస్ఎమ్‌పీఎస్, అంటే పార్టులన్నిటికీ కరెంటు అందించే పవర్ సప్లై. ఆర్‌టీఎక్స్ 5070 వాడేది 250 వాట్లు, దానికి కంపెనీ చెప్పేది 650 వాట్ల ఎస్ఎమ్‌పీఎస్. 5080కి 360, 850. 5090కి 575, 1000. కోర్ ఐ9-14900కే లాంటి ప్రాసెసర్ ఒక్కటే 253 వాట్ల దాకా లాగుతుంది. ఎడిటింగ్‌లో రెండర్ (పూర్తయిన వీడియోని ఫైలుగా తయారుచేయడం) పెడితే కార్డూ, ప్రాసెసరూ రెండూ గంటల తరబడి కష్టపడతాయి కాబట్టి ఆ సంఖ్యలకి తగ్గొద్దు. పెట్టె మీద ఉన్న ‘80 ప్లస్ గోల్డ్’ కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పేది, లోపలి రక్షణ సర్క్యూట్లు ఎంత మంచివో చెప్పదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి: ఒక ఎస్ఎమ్‌పీఎస్ కేబుళ్లు ఇంకోదానికి తగిలించకండి. నేను ఎస్ఎమ్‌పీఎస్ మార్చినప్పుడు, క్యాబినెట్ వెనక ముచ్చటగా కట్టుకున్న పాత కేబుళ్లు విప్పబుద్ధి కాక వాటినే కొత్తదానికి పెట్టాను. ప్లగ్గు టక్కున కూర్చుంది. స్విచ్ వేయగానే సన్నగా కాలిన వాసన. రెండు హార్డ్ డిస్కులు పోయాయి, ఒకదాంట్లో మూడు వారాల ఎడిటింగ్ ఉంది. డిస్కు వైపు ప్లగ్గు అన్నిటికీ ఒకటే, ఎస్ఎమ్‌పీఎస్ వైపు ఏ పిన్నులో ఎంత వోల్టేజీ అన్నది కంపెనీని బట్టి, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌ని బట్టి మారిపోతుంది. ఈ సంగతి అప్పుడు నాకు తెలియదు.

పెద్ద కార్డులకి వచ్చే 16 పిన్నుల ప్లగ్గు విషయంలోనూ అంతే శ్రద్ధ కావాలి. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చాక ఈ ప్లగ్గులు కరిగిపోయిన సంఘటనలు బయటికొచ్చాయి. సగం లోపలికి వెళ్లి ఆగిపోవడం అందులో ఒక ముఖ్య కారణం. పక్కన సందు కనిపించకుండా పూర్తిగా తోయండి, ప్లగ్గు దగ్గరే కేబుల్ వంచకండి. కార్డు అంచుకీ పక్క తలుపుకీ మధ్య దానికి చోటుందో లేదో కొనేముందే కొలవండి.

స్టోరేజీకి బోర్డు మాన్యువల్ పీడీఎఫ్ చదవడం ఒక్కటే దారి. కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 స్లాటు (సన్నటి ఎస్ఎస్‌డీ నేరుగా బోర్డు మీద పెట్టే చోటు) వాడితే డిస్కులు తగిలించే సాటా పోర్టులు కొన్ని ఆగిపోతాయి, ఇంకొన్నిటిలో గ్రాఫిక్స్ కార్డుకి డేటా వెళ్లే లేన్లు 16 నుంచి 8కి తగ్గుతాయి.

బిగించాక డీడీఆర్5 మెషిన్ మొదటిసారి ఆన్ చేస్తే స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. ర్యామ్‌ని సరిచూసుకుంటూ ఉంటుంది, కంగారుపడి స్విచ్ ఆపేయకండి. మానిటర్ కేబుల్ బోర్డుకి కాకుండా కార్డుకి పెట్టారో లేదో చూడండి. తర్వాత బయోస్‌లో ర్యామ్ వేగం సెట్టింగు, ఎక్స్‌పో గానీ, ఎక్స్ఎంపీ గానీ ఆన్ చేస్తేనే ర్యామ్ పెట్టె మీద రాసిన వేగం వస్తుంది. వెనక్కి ఇచ్చే గడువు ఇంకా ఉండగానే ఒక గంట గేము, ఒక గంట రెండర్, ఒక రాత్రంతా మెమరీ టెస్టు నడపండి. సాకెట్ మీద వచ్చిన ప్లాస్టిక్ మూత పారేయకండి, బోర్డు వారంటీకి పంపాల్సి వస్తే అడిగేది దాన్నే.