మన్ననూరు మట్టి ఇళ్లకు బస్సులో ఇలా వెళ్లండి

మాది కల్వకుర్తి. మన్ననూరులో అటవీ శాఖ వాళ్ల మట్టి కాటేజీల్లో ఉండడానికి అమ్మతో బస్సులోనే వెళ్తాను. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి కారు వేసుకుని పోవడం నాకు నచ్చదు.

ముందు గది ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి, బస్సు సంగతి తర్వాత. హైదరాబాద్ నుంచైతే ఎంజీబీఎస్‌లో శ్రీశైలం బస్సు ఎక్కి, మన్ననూరులో ఆగుతుందా అని కండక్టర్‌ను అడిగి టికెట్ తీసుకోండి. మహబూబ్‌నగర్ వాళ్లకు అచ్చంపేటలో మారడం తేలిక. తెలంగాణ ఆడవాళ్లు ఆధార్ కార్డు మరవొద్దు, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్ ఉచితం.

పొద్దున్నే బయలుదేరండి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి దారి మూసేస్తారు. ఒకసారి మేం ఆలస్యంగా బయలుదేరి, అచ్చంపేటలో చీకటి పడేదాకా బస్సు కోసం నిలబడ్డాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాకు ఒకటే టెన్షన్. అప్పటినుంచి మధ్యాహ్నం భోజనం వేళకే మన్ననూరు చేరేలా చూసుకుంటున్నాం.

సామాను ఒక్క భుజం సంచిలో పట్టాలి. స్టీలు సీసాలో నీళ్లు, గుడ్డ సంచిలో సద్ద రొట్టెలు పెట్టుకోండి. అడవిలో ప్లాస్టిక్ నిషేధం. కోతులకు తిండి వేయకండి, పాపం అవి రోడ్డుకు అలవాటుపడి బండ్ల కింద పడుతున్నాయి. సఫారీలో గైడ్లుగా వచ్చే చెంచులను చెట్ల పేర్లు అడగండి, ఓపిగ్గా చెబుతారు.

తిరుగు బస్సు వేళలు దిగిన రోజే కనుక్కోండి.