పరాయి భాష మాట్లాడబోతే గొంతు పట్టేస్తోందా? ఇలా చేసి చూడండి

పుస్తకం చదివితే అర్థమవుతుంది, పరీక్షలో మార్కులూ వస్తాయి. కానీ టీచర్ పేరు పెట్టి పిలిచి "నువ్వు చెప్పు" అనగానే, అంతవరకూ నోట్లో ఆడుతున్న మాట ఎటో పోతుంది. ఇది తెలివికి సంబంధించింది కాదు. "తప్పు పోతుందేమో, నవ్వుతారేమో" అన్న ఆలోచనే మనసంతా ఆక్రమించుకుంటే పదాలు వెతుక్కునే వీలు ఎక్కడుంటుంది? ఈ టెన్షన్‌ను కొలవడానికి 1986లో ఎలైన్ హార్విట్జ్, ఆమె సహ పరిశోధకులు 33 వాక్యాల ప్రశ్నావళి తయారు చేశారు. అంటే ఇది మీ ఒక్కరి బాధ కాదు.

1. భయం ఎక్కడ పుడుతోందో చూసుకోండి. అందరి ముందు లేచి నిలబడినప్పుడా? మధ్యలో ఆపి తప్పు దిద్దినప్పుడా? బాగా మాట్లాడే స్నేహితుడు పక్కన ఉన్నప్పుడా? ఒక వారం పాటు రోజుకో వాక్యం రాసి పెట్టుకోండి.

2. వినేవాళ్లను మీరే ఎంచుకోండి. 1998లో పరిశోధకుడు పీటర్ మెకింటైర్ బృందం, పరాయి భాషలో నోరు విప్పడానికి ఏమేం తోడ్పడతాయో మెట్లు మెట్లుగా చూపే ఒక పిరమిడ్ నమూనా ఇచ్చింది. అందులో మాట్లాడాలన్న సంసిద్ధతకు సరిగ్గా కింద మెట్టు మీద ఉన్నవి రెండే: ఫలానా మనిషితో మాట్లాడాలన్న కోరిక, ఆ క్షణంలో ఉన్న ధైర్యం. అందుకే ముందు తప్పులకు నవ్వని ఒక్కరితో మొదలుపెట్టండి. తర్వాత ముగ్గురు నలుగురు, ఆ తర్వాతే క్లాసు.

3. ఇష్టమైన విషయం పట్టుకోండి. నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. చాలామంది భయం పూర్తిగా పోయాక మాట్లాడదాం అని ఆగిపోతారు. అలా ఏళ్లు గడిచిపోతాయి. జాన్ మార్క్ డెవాలే, మెకింటైర్ 2014లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, భాషా తరగతిలో ఆనందం, ఆందోళన ఒకే త్రాసుకు రెండు పళ్లేలు కావు. ఒకటి పెరిగితే రెండోది తగ్గి తీరాలని లేదు, రెండూ ఒకే మనిషిలో ఒకేసారి ఉండొచ్చు. కాబట్టి భయం ఉండగానే సంతోషాన్ని పెంచుకోవచ్చు. క్రికెట్ పిచ్చి ఉంటే నిన్నటి మ్యాచ్ గురించి రెండు నిమిషాలు చెప్పండి. బొమ్మలు వేస్తే వేసిన బొమ్మ గురించి చెప్పండి. చెప్పాలన్న ఆత్రం ఉన్నచోట వ్యాకరణం గురించిన బెంగ కాసేపు వెనక్కి తగ్గుతుంది.

4. ఆగిపోతే వాడే మాటలు ముందే నేర్చుకోండి. "ఒక్క నిమిషం", "ఆ మాట గుర్తు రావడం లేదు", "మళ్లీ చెబుతారా" లాంటివి మీరు నేర్చుకుంటున్న భాషలో నాలుగైదు కంఠతా పట్టండి. తడబడినా మౌనంలో పడిపోరు.

5. టీచర్‌కు చెప్పండి. "మాట్లాడుతుండగా ఆపకుండా, చివర్లో తప్పులు చెప్పండి" అని అడగడం మర్యాద తప్పడం కాదు. ఇది చదివే టీచర్లకూ ఒక మనవి: ప్రశ్న అడిగి వెంటనే వేలు చూపకండి. పక్కవాళ్లతో ఒక నిమిషం మాట్లాడుకోనిచ్చి, ఆ తర్వాత చెప్పమనండి. ఎప్పుడూ తల దించుకు కూర్చునే పిల్లలు కూడా అప్పటికి ఒకసారి ఆ మాట పలికి ఉంటారు.